నాలుగూ పదికి నొక్కు

ఆ ఏడాది మా నాన్న రోజూ పొద్దున్నే వంటింటి కుళాయి కింద పది లీటర్ల డబ్బా నింపి, సైకిల్ వెనక కట్టుకుని పనికి వెళ్లేవాడు. అమ్మ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. "ఏనుగుక్కూడా అంత దాహం ఉండదండీ. అంత పెద్ద మిల్లులో మంచినీళ్లే లేవా?" అనేది. నాన్న డబ్బా మూత ఇంకోసారి బిగించి, "అక్కడి నీళ్లు నా గొంతుకి పడవు" అనేవాడు. ఈ రెండు మాటలూ నేను పళ్లు తోముకుంటూ రోజూ వినేదాన్ని. వినీ వినీ గోడ గడియారం చప్పుడులా అవి నా చెవికి ఆనడం మానేశాయి.

నాన్న బట్టలకు రంగులద్దే మిల్లులో మురుగునీళ్ల ప్లాంటు ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా అదే పని. రంగు తొట్లలోంచి వచ్చే నీళ్లను శుభ్రం చేసి కాలవలోకి వదలడం ఆయన ఉద్యోగం. ఇంకో ఎనిమిది నెలలైతే రిటైరవుతాడు. శుభ్రం విషయంలో ఆయనకు కాస్త పిచ్చి ఉందనే చెప్పాలి. మా ఇంట్లో గిన్నెలు నేను తోమితే అమ్మ మళ్లీ తోముతుంది, నాన్న తోమితే ముట్టుకోదు.

నేను పర్యావరణ ఆఫీసులో అసిస్టెంటుని. ఊళ్లోని నలభై ఫ్యాక్టరీల మురుగు కాలవల్లో సెన్సర్లు ఉంటాయి. నీళ్లలో కరిగిన ఉప్పులెన్ని, వేడెంత, రంగెంత అని అవి పొద్దస్తమానం కొలిచి పంపుతుంటాయి. ఆ అంకెలు మా గదిలో తెర మీద గీతలుగా కదులుతాయి. గీత హద్దు దాటితే ఎర్రబడుతుంది. ఎర్రబడితే నేను మేడమ్‌కి చెప్పాలి. మేడమ్ అంటే మా సెక్షన్ అధికారిణి. ఏ కాగితం ఇచ్చినా ఎర్ర కలంతో దిద్ది పంపుతుంది కాబట్టి ఆఫీసంతా ఆమెను ఎర్రసిరా అంటారు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు.

నాన్న మిల్లు తనిఖీకి నేను వెళ్లకూడదని చేరిన రోజే రాసి ఇచ్చాను. తెర మీద గీత చూడ్డానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. గీతకు చుట్టరికం ఏముంటుంది? పైగా నలభై గీతల్లోకీ బుద్ధిమంతురాలు అదే. తక్కినవన్నీ హద్దు గుమ్మంలో తచ్చాడుతుంటే, ఇది మూడువందల పన్నెండు దగ్గర కదలకుండా కూర్చునేది. మిల్లువాళ్లు కొత్త ఫిల్టర్ యంత్రం పెట్టారు, దాని మహిమ అన్నారు. పక్క ఆఫీసుల నుంచి ఎవరైనా వస్తే మేడమ్ ఆ గీతనే చూపించేది. నేను గర్వంగా నవ్వేదాన్ని.

ఆ మిల్లు వెనక పల్లపు వీధిలో ఇస్త్రీ అత్త ఉంటుంది. మాకు చుట్టమేం కాదు. నా చిన్నప్పటి నుంచీ మా బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది, నాన్నను అన్నా అంటుంది, కాబట్టి నాకు అత్త. ఆ వీధికి కుళాయి లేదు, అందరూ బోరు నీళ్లే వాడతారు. ఆరేడు నెలల కిందట ఆమె బోరులో నీళ్లు నీలం తిరిగాయి. మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఆస్పత్రి దుప్పట్లు తెల్లగా వెళ్లి లేత వంగపండు రంగులో తిరిగి వచ్చాక ఆస్పత్రివాళ్లు నమ్మారు, నమ్మి ఉతుకు వేరేవాళ్లకు ఇచ్చేశారు. అత్త, వీధిలో ఇంకో పదకొండిళ్ల వాళ్లూ కలిసి మిల్లు మీద కోర్టుకు వెళ్లారు. ఏడాదికేడాది ఎండాకాలం పొడుగవుతోంది, భూమిలో నీళ్లు అడుగంటుతున్నాయి, ఉన్న కాసిని నీళ్లలో మిల్లు విషం చిక్కబడుతోందని వాళ్ల లాయరు వాదించాడు. మిల్లు లాయరు చేతులూపుకుంటూ లేచి, "ప్రభుత్వం వారి అంకెలే చూడండి" అన్నాడు. జడ్జిగారు చూస్తానన్నారు. ఎనిమిది నెలల అంకెలు, ప్రతి పేజీ మీద రోజూ వాటిని చూసే ఉద్యోగి "ఇవి నిజమని నమ్ముతున్నాను" అని రాసి సంతకం పెట్టి, ఆరు వారాల్లో దాఖలు చెయ్యమని ఆర్డరు వేశారు.

ఆ ఉద్యోగిని నేనే.

ఆర్డరు వచ్చిన వారానికి అత్త నాన్న యూనిఫాం ఇవ్వడానికి ఇంటికొచ్చింది. నాన్న అప్పుడే ఆమె కోసం రెండు డబ్బాల నీళ్లు నింపుతున్నాడు. పని నుంచి రాగానే రోజూ రెండు డబ్బాలు పల్లపు వీధికి మోసి ఇచ్చేవాడు. మా ఇంట్లో అది కొత్త కాదు, చాలా నెలలుగా జరుగుతున్నదే.

"కోర్టువాళ్లు మీ ఆఫీసు కాయితాలు అడిగారటగా కోడలా?" అంది అత్త, గుమ్మంలో కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటూ.

"అడిగారత్తా."

"ఉన్నది ఉన్నట్టు రాయి తల్లీ. నీ దగ్గర నాకింకేం వద్దు."

"రాయడానికి నాదేముందత్తా? మెషీనే రాస్తుంది. నేను సంతకం పెడతానంతే."

"మెషీను అబద్ధం చెప్పదుగా?"

"దానికంత తెలివి ఎక్కడిది?" అన్నాను. అత్త పడీ పడీ నవ్వింది. కుళాయి కింద డబ్బా నిండి నీళ్లు గట్టు మీదికి పొర్లాయి. చుక్క నీళ్లు కింద పడితే ఇల్లు పీకి పందిరేసే నాన్న, అవి కాళ్లు తడిపేదాకా చూసుకోలేదు.

*

అంకెలు అచ్చు తీయించి పేజీ పేజీ చూడ్డం మొదలుపెట్టాను. చూడకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. అది కూడా నాన్న నుంచి వచ్చిందే.

తెర మీద ఒక రోజు గీత చూస్తాం, కాగితం మీద నెల గీత కనిపిస్తుంది. తేడా అక్కడే తెలిసింది. ప్రతి రోజూ సాయంత్రం నాలుగూ పదికి గీత మీద చిన్న నొక్కు ఉంది. గీత ఠక్కున కిందికి పడుతుంది, రెండు నిమిషాల్లో మళ్లీ మూడువందల పన్నెండుకు లేస్తుంది. సెన్సరును నీళ్లలోంచి బయటికి తీస్తే అలా పడుతుంది. తీసి తుడిచి పెడుతున్నారన్నమాట. వారానికోసారి తుడిస్తే చాలని నిబంధన. వీళ్లు రోజూ తుడుస్తున్నారు.

"ఎంత శ్రద్ధ చూడు" అన్నాడు పక్క బల్ల టైపిస్టు, నా భుజం మీదుగా తొంగిచూసి. "మా ఇంట్లో నేను అద్దం కూడా రోజూ తుడుచుకోను."

"అది నీ మొహం చూస్తే తెలుస్తోంది" అన్నాను. కానీ నా కళ్లు ఆ నొక్కులోంచి బయటికి రాలేదు. గడియారం పెట్టి కొట్టినట్టు నాలుగూ పదికే పని చేసే మనిషి నాకు ఒక్కడే తెలుసు.

మూడో నెల పేజీలో నొక్కు లేని రోజులు మూడు దొరికాయి. వరసగా మూడు. ఆ మూడు రోజులూ గీత మూడువందల పన్నెండు మీద నిలవలేదు. మూడువందల ఇరవై, ముప్ఫై, నలభై అయిదు, అలా నెమ్మదిగా పైకి పాకింది. నాలుగో రోజు నాలుగూ పదికి నొక్కు, వెంటనే మళ్లీ మూడువందల పన్నెండు.

తారీఖులు చూశాను. అమ్మ కంటి ఆపరేషన్ రోజులవి. నాన్న మూడు రోజులు సెలవు పెట్టి ఆస్పత్రిలో ఉన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

పారే నీళ్లు రోజురోజుకీ చిక్కబడవు. ఒకచోట నిలవున్న నీళ్లు ఎండకు ఆవిరై, ఉప్పులు మిగిలి చిక్కబడతాయి. అంటే సెన్సరు కాలవలో లేదు. ఏ బకెట్లోనో ఉంది. ఆ బకెట్లో నీళ్లు రోజూ నాలుగూ పదికి ఎవరో పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోస్తున్నారు. ఆ మూడు రోజులూ పోసే మనిషి లేడు.

పేజీలు మూసి కిందికి వెళ్లి, చెట్టు నీడలో సైకిళ్ల మధ్య కాసేపు నిలబడ్డాను. నాన్న మీద కోపం రాలేదు. ముందు సిగ్గేసింది, తర్వాత భయం. ఆ అంకెల కింద నేను సంతకం పెడితే అత్త కేసు అక్కడికక్కడే కూలిపోతుంది. పెట్టనంటే ఎందుకని అడుగుతారు, ఆ ఎందుకు మా ఇంట్లో తేలుతుంది. దాఖలు చెయ్యడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

*

ఇంట్లో అడగడానికి వీల్లేదు. తనిఖీ సంగతి ముందుగా చెప్పడం నేరం, చెప్పినవాళ్ల ఉద్యోగం పోతుంది. ఇంకా తనిఖీ మాటే పుట్టలేదు కదా, నా అనుమానం నేనడిగితే తప్పేమిటని ఒకసారి అనుకున్నాను. ఆ తర్కం నాకే నచ్చలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాన్న పక్కనే కూర్చుని అన్నం తిన్నాను, ఆయన చెప్పే పాత జోకులకు నవ్వాను. ఎవరితోనూ ఏమీ అనకుండా అన్ని రోజులు గడపడం నాకు చేతనవుతుందని అప్పటిదాకా తెలియదు.

అమ్మ కనిపెట్టింది. "ఏమైందే, నోట్లో నీళ్లు పోసుకున్నట్టు తిరుగుతున్నావ్?" అంది. నాన్న తలెత్తలేదు.

"ఆఫీసులో పనెక్కువమ్మా" అన్నాను.

శనివారం ఆఫీసు నుంచి చేతి మీటరు తెచ్చాను. కలంలా ఉంటుంది, నీళ్లలో ముంచితే ఉప్పుల అంకె చూపిస్తుంది. మీట నొక్కితే ఆ అంకె తెర మీద అలాగే నిలిచిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోతోంది, నాన్న వరండాలో సైకిల్ చెయిన్ ఊడదీసి కిరసనాయిల్లో కడుగుతున్నాడు. గ్లాసుతో కుళాయి నీళ్లు పట్టి మీటరు ముంచాను.

మూడువందల పన్నెండు.

గ్లాసు కడిగి మళ్లీ పట్టాను. మళ్లీ అదే. మీట నొక్కాను. రోజూ పొద్దున పది లీటర్ల డబ్బాలో వెళ్లింది ఎవరి దాహానికో అప్పుడు అర్థమైంది. మా ఆఫీసు ఎనిమిది నెలలుగా కొలిచి, అచ్చువేసి, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయింది మా వంటింటి కుళాయి నీళ్లను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర ఈ మీటరు లేదు కాబోలు.

వాకిట్లో ఎవరో పిలిస్తే వెళ్లాను. పక్కింటావిడ, ఏదో మాట్లాడుతూ అరగంట నిలబెట్టింది. తిరిగొచ్చేసరికి నాన్న నా గది గుమ్మం దగ్గర ఉన్నాడు. చేతిలో మీటరు. తడి లేకుండా తుడిచి, తన రుమాల్లో పెట్టి పట్టుకున్నాడు.

"వంటింట్లో వదిలేశావమ్మలూ. నీళ్లు పడితే పాడవుతుంది" అన్నాడు.

తీసుకున్నాను. తెర మీద మూడువందల పన్నెండు అలాగే ఉంది. ఆయన వరండాలోకి వెళ్లి చెయిన్ బిగించుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

దాన్ని అక్కడ మరిచిపోయానో, వదిలేశానో ఇప్పటికీ చెప్పలేను. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఏ వస్తువూ ఎక్కడా మరిచిపోలేదని అమ్మ అంటుంది.

*

సోమవారం నేను బయల్దేరేసరికి అమ్మ వీధిలో నిలబడి ఉంది. "మీ నాన్న డబ్బా మరిచిపోయి వెళ్లాడే" అంది. వంటింటి గట్టు మీద ఖాళీ డబ్బా బోర్లించి ఉంది. మరిచిపోయిన మనిషి బోర్లించి పెట్టడు. అయినా నేను దాని గురించి ఆలోచించే స్థితిలో లేను. రాత్రే ఒక నిర్ణయానికి వచ్చాను, అది పోకముందే ఆఫీసు చేరాలి.

మధ్యాహ్నం పన్నెండింటికి ఒక కాగితం రాసి మేడమ్ బల్ల మీద పెట్టాను. మిల్లు సెన్సరు నిలవ నీళ్లలో ఉందని నమ్ముతున్నాననీ, కారణాలు ఇవనీ, ఆ అంకెలు నిజమని సంతకం పెట్టలేననీ, ఆ ప్లాంటు ఆపరేటరు మా నాన్న కాబట్టి తనిఖీ ఇంకొకరికి అప్పగించమనీ రాశాను. మొత్తం ఏడు వాక్యాలు. నాలుగో వాక్యం రాస్తుంటే కళ్లు మసకబారాయి, దాన్ని మళ్లీ రాయాల్సి వచ్చింది.

మేడమ్ చదివింది. ఎర్ర కలం మూత తీసింది, కాగితం మీద ఆనించింది, ఏమీ దిద్దకుండా మూత పెట్టేసింది.

"కూర్చో" అంది. "రేపు పొద్దున తనిఖీ. నేనే వెళ్తాను. అప్పటిదాకా నువ్వు ఫోను ముట్టుకోవద్దు. ఇంటికి వెళ్లాక..."

"చెప్పను మేడమ్."

"అది నాకు తెలుసు. భోజనం చెయ్యమంటున్నాను."

నాలుగింటికి నా కుర్చీలో కూర్చుని గీత చూస్తున్నాను. అలవాటు కొద్దీ గడియారం చూశాను. నాలుగూ పదికి నొక్కు పడింది. రెండు నిమిషాలకు గీత లేచింది. మూడువందల పన్నెండు దగ్గర ఆగలేదు. వెయ్యి, రెండువేలు, హద్దు దాటింది, ఎర్రబడింది, ఆరువేల నాలుగువందల దగ్గర ఆగింది. అక్కడే నిలబడింది.

గదిలో గంట మోగింది. ఆ గీతకు గంట మోగడం అదే మొదటిసారి. "సెన్సర్ పోయినట్టుంది" అని టైపిస్టు లేచాడు.

"పోలేదు" అన్నాను. "ఇప్పుడే వచ్చింది."

మేడమ్ వచ్చి తెర ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నన్ను తన గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. "మీ నాన్నకి చెప్పావా?"

"లేదు మేడమ్. ఒక్క మాట కూడా చెప్పలేదు." అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ మాట నా గొంతులో అబద్ధంలా తగిలింది. "నిన్న మా వంటింట్లో చేతి మీటరు వదిలేశాను. అంకెతో సహా. ఆయన చూశాడు."

మేడమ్ నా కాగితం మళ్లీ నా ముందుకు జరిపింది. "అదీ రాయి" అంది.

ఎనిమిదో వాక్యం రాశాను. దాని ఫలితంగా నెల తిరిగేలోపు నన్ను ఆ తెర ముందు నుంచి రికార్డుల గదికి మార్చారు. అన్యాయమని నేననుకోలేదు.

*

ఆ సాయంత్రం నాన్న ఎప్పటికన్నా ఆలస్యంగా వచ్చాడు, సైకిల్ నడిపించుకుంటూ. కాళ్లు కడుక్కుని వరండా మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు.

"పొద్దున నీళ్లు తీసుకెళ్లలేదేం నాన్నా?"

"అవసరం పడలేదమ్మలూ."

లోపల అమ్మ టీ పెడుతోంది. గిన్నె చప్పుడు ఆగితే మా మాటలు వినపడతాయని నాన్న గొంతు తగ్గించాడు.

"ఫిల్టర్ యంత్రం చెడిపోయింది" అన్నాడు. "పార్టు వారంలో వస్తుంది, అప్పటిదాకా సెన్సర్ బకెట్లో పెట్టమన్నాడు మేనేజరు. వారమే కదా అనుకున్నా. వారం నెలయింది. నెలయ్యాక చెప్తే, మరి మొదటి వారం ఎందుకు చెప్పలేదంటారు. అలా..."

"మిల్లు నీళ్లే పోయొచ్చుగా, ఇంటినుంచి మొయ్యడం దేనికి?"

"మిల్లు బోరు కూడా నీలం తిరిగింది."

ఆ మాటతో అత్త బోరు నా కళ్ల ముందు నిలిచింది. ఆయన కళ్ల ముందు నెలల తరబడి నిలిచే ఉందని అప్పుడు తెలిసింది. సాయంత్రాలు పల్లపు వీధికి మోసిన ఆ రెండు డబ్బాలు మంచితనమని నేననుకున్నాను. మంచితనమే, కానీ ఉత్త మంచితనం కాదు.

"నీకెలా దొరికింది?" అన్నాడు.

"నాలుగూ పదికి."

అర్థం కాలేదు ఆయనకు. నొక్కు సంగతి, అమ్మ ఆపరేషన్ సంగతి చెప్పాను. నువ్వు ఆ బకెట్టు కడక్కుండా వదిలేసుంటే గీత ఊరికే అటూ ఇటూ పాకేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు అన్నాను.

నాన్న నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా. "ఎండకి పాచి పట్టేదమ్మా. పాచి పట్టిన బకెట్టు చూస్తూ ఎట్లా ఊరుకోను? పీచు పెట్టి తోమేవాణ్ణి" అన్నాడు. నవ్వుతూ నవ్వుతూ రుమాలు తీసి మొహం మీద పెట్టుకున్నాడు. అది తీయడానికి చాలాసేపు పట్టింది. నేను ఆయన వీపు మీద చెయ్యి వేశాను. నాకూ ఏడుపొచ్చింది.

"పొద్దున్నే సరిచెయ్యొచ్చుగా నాన్నా. నాలుగూ పది దాకా ఆగావే?"

"పొద్దున్నుంచీ ధైర్యం చాల్లేదు. ఆ టైముకి చేతులు వాటంతటవే లేస్తాయి. లేచాయి. ఈసారి బకెట్లో కాకుండా కాలవలో పెట్టా." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, ఏమైందంటూ. ఉండాల్సిన చోట ఉందండీ అన్నాను."

అమ్మ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. గ్లాసులు మా ఇద్దరికీ అందించి, మూడోది తను తీసుకుని నాన్నకు అటువైపు కూర్చుంది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంది. తన గ్లాసు ఊదుకుంటూ, "తాగండి, చల్లారిపోతుంది" అంది.

*

మర్నాడు మేడమ్ బృందం వెళ్లినప్పుడు బకెట్టు ఎక్కడుండేదో, శుభ్రం చెయ్యని నీళ్లు ఏ గొట్టంలోంచి కాలవలోకి పోయేవో నాన్నే దగ్గరుండి చూపించాడు. రాతపూర్వకంగా కూడా ఇచ్చాడు. మిల్లు అదే వారం ఆయన్ని తీసేసింది. మూడో వారం కోర్టు మిల్లు తలుపులు మూయించింది, శుద్ధి యంత్రం బాగుచేసి చూపించేదాకా తెరవకూడదంది. మేనేజరు మీద కేసు పెట్టారు, నాన్న మీద కూడా. నిజం చెప్పాడు కాబట్టి శిక్ష తగ్గవచ్చని లాయరు అన్నాడు. తగ్గినా తగ్గకపోయినా సరేనన్నాడు నాన్న.

ఈ గొడవల్లో అత్త మా ఇంటికి రాలేదు. నాన్న రెండు డబ్బాలు ఆమె గుమ్మం ముందు పెట్టి, పిలవకుండా తిరిగొచ్చేవాడు. మర్నాటికి ఖాళీ డబ్బాలు అదే చోట ఉండేవి. నీళ్లు పారబోస్తోందో, వాడుకుంటోందో తెలియదు. ఆయన అన్నం తినడం తగ్గించింది ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ గుమ్మం తెరుచుకోనందుకు.

నెల్లాళ్ల తర్వాత ఒక సాయంత్రం ఆమే వచ్చింది. చేతిలో నాన్న యూనిఫాం. మడతలు కత్తిలా నిలబడ్డాయి.

"గొడవకి ముందు వేశావు అన్నా. నీకింక పనికొస్తుందో రాదో. ఇస్త్రీకిచ్చిన బట్ట నా దగ్గర ఉంచుకోను" అని బల్ల మీద పెట్టింది. నాన్న లేచి నిలబడ్డాడు.

"నువ్వు నీళ్లు మొయ్యకుండా ఉండుంటే బాగుండేది" అంది అత్త. "హాయిగా తిట్టుకునేదాన్ని. నోటిదాకా తిట్టు వస్తుంది, చూస్తే చేతిలో నువ్వు తెచ్చిన నీళ్లగ్లాసే. ఏం చెయ్యను చెప్పు?"

"తిట్టమ్మా" అన్నాడు నాన్న. "తిట్టి తాగు."

అత్త అమ్మ వైపు తిరిగి, "చూశావా వదినా, దీనికి కూడా పద్ధతి చెప్తున్నాడు" అంది. నవ్వలేదు. కానీ కూర్చుంది.

*

మొదటి వాన పడ్డాక, పల్లపు వీధి బోర్లలో నీళ్లు నెలనెలా పరీక్షించాలని కోర్టు ఆర్డరు వచ్చింది. నమూనా తీసేటప్పుడు వీధివాళ్ల తరఫున ఒకరు పక్కన ఉండి, సీసా శుభ్రంగా ఉందో లేదో చూసి, అంకె చదివి, సంతకం పెట్టాలి. ఎవరిని పెట్టుకుంటారని మేడమ్ వీధిలో నిలబడి అడిగింది. రికార్డుల గది తరఫున కాగితాలు పట్టుకుని నేను వెనకాల ఉన్నాను.

"మా అన్నని" అంది అత్త.

మేడమ్‌కి ఎవరో అర్థమై, నా వైపు చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను. "ఆయన మీద కేసుందమ్మా. మోసం చేసిన మనిషి. వేరేవాళ్ల పేరు చెప్పు" అంది.

"మోసం చేసిన సంగతి మీకన్నా నాకు బాగా తెలుసు మేడమ్. నా బోరే కదా" అంది అత్త. "కానీ సీసా ఆయన కడిగినట్టు ఎవరూ కడగరు. ఇంకోసారి అబద్ధం చదివితే నా మొహంలోకి చూసి చదవాలి. చదవమనండి, చూద్దాం."

వీధిలో పదకొండిళ్లవాళ్లూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎవరూ వద్దనలేదు. మేడమ్ ఎర్ర కలంతో పేరు రాసుకుంది.

నాన్నను పిలుచుకొచ్చాను. అత్త ఇస్త్రీ చేసిన చొక్కానే వేసుకున్నాడు, మిల్లు గుర్తు కుట్టు విప్పేసి. బోరు దగ్గర గొంతుక్కూర్చుని సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచాడు, వెలుతురుకు ఎత్తి చూసి నాలుగోసారి కూడా తొలిచాడు. నింపాడు. మీటరు ముంచి, అంకె నిలిచేదాకా ఆగాడు. అత్త ఎదురుగా నిలబడి ఉంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

నాన్న తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"నాలుగువేల ఎనిమిదివందల అరవై" అని వీధంతా వినపడేలా చదివాడు.